రబ్బరు కప్పకు రుచి కమిటీ

నేను అబద్ధం చెప్పను. మా తాబేలుగుట్ట రిజర్వాయరు దగ్గర ఎవరికీ ఆ అవసరం రాదు. జరిగింది జరిగినట్టు చెబితే చాలు, వినేవాళ్లు తిట్టుకుంటూ లేచి వెళ్లిపోతారు.

నా పేరు ఓలేటి తాతబ్బాయి. సంతకం రాదు, వేలిముద్రే. అయినా నలభై కుటుంబాల మత్స్యకారుల సొసైటీకి ప్రెసిడెంటును నేనే. ఆఫీసు కాగితం చూసి భయపడని మనిషి కావాలన్నారు. చదవడం రానివాడికి భయమేముంటుందని నన్ను కూర్చోబెట్టారు.

పోయిన వేసవిలో ఒక ఉత్తర్వు వచ్చింది. జల వినోద శాఖ అని కొత్తగా ఒక శాఖ పుట్టిందట. అందులో పెద్దవాళ్లెవరో ఎక్కడో దొరలు సన్నటి కర్రతో, రబ్బరు పురుగుతో చేపలు పట్టడం చూసొచ్చారట. అప్పట్నుంచీ వాళ్లకి వలంటే చిన్నచూపు. ఉత్తర్వులో ఉన్నదిదీ: వలలు బంద్. ఆరు వారాలపాటు శాఖ ఇచ్చే తేలిక కర్రలతో, మెత్తటి రబ్బరు ఎరలతోనే పట్టాలి. ఆరో వారం డైరెక్టరమ్మ గారు వచ్చేటప్పటికి క్వింటా చేప ఒడ్డున కనబడితే సొసైటీకి పర్మిషన్ మళ్లీ ఇస్తారు. కనబడకపోతే రిజర్వాయర్లో హంస బొమ్మల పడవలు తిప్పుతారు.

"మరి మనమేం సెయ్యాలంట?" అని అడిగింది మా ఆవిడ సింగారమ్మ. సంతలో చేపలమ్మే మనిషి, ఊళ్లో కబురు ఏదైనా ఆవిడ తట్ట దాటి పోదు.

"ఆ హంసల్లో కూకుని తొక్కాలంట."

"తొక్కడానికి ఇంటర్ పాసయ్యుండాలంట. రేవులో సెప్పుకుంటన్నారు. నువ్వు హంసకి కూడా పనికిరావు."

మర్నాడే జీపు నిండా పెట్టెలతో కిరీటి గారు దిగారు. జల వినోద అధికారి. కుర్రతనం, మంచితనం, ఉత్సాహం మూడూ ఎక్కువే. టోపీకి నాలుగు రబ్బరు పురుగులు గుచ్చుకుని వచ్చారు. కాకులు జీపు వెంట రెండు మైళ్లు ఎగిరాయి.

"తాతబ్బాయ్! దీని బరువెంతో చెప్పు" అని నా చేతిలో కర్ర పెట్టారు.

"ఏదండీ కర్ర?" అన్నాను. చేతిలో ఉన్నట్టు నాకు తెలియనేలేదు. సింగారమ్మ కొప్పులో పిన్ను కూడా అంతకంటే బరువుంటుంది. కానీ చివర పట్టుకుని వంచితే నిమ్మరెమ్మలాగా వంగి, వదలగానే టక్కున నిలబడింది. మంచి కర్ర. కాదనను.

పెట్టెలు తెరిస్తే మరీ వింత. వానపాములు, కప్పలు, మిడతలు, తోకలు ఊపే చిట్టి చేపలు. అన్నీ రబ్బరువే. ముట్టుకుంటే జున్నులా మెత్తగా ఉన్నాయి. ఊదా, చిలకపచ్చ, మిరపపండు ఎరుపు, నలుపు, నీళ్లలాగా రంగే లేనివి కొన్ని. కొన్నిటికి ఉప్పు పట్టించారు. కొన్నిటికి వెల్లుల్లి వాసన. చేప నోట్లో పెట్టుకున్నాక వెంటనే ఉమ్మెయ్యకుండా అట.

"నువ్వేరు" అన్నారు కిరీటి గారు.

నేను ఒడ్డున కూర్చుని పావుగంటలో ఏరేశాను.

"మన నీళ్లు బురదండి. బురదలో నల్లదే కనబడుద్ది. ఈ రంగులేనివి తేట నీళ్లకి దాసుకోండి. మనకి కొరమీను ఎక్కువ, అది నాసు మీద కప్పని కొడతాది. అంచేత నల్లకప్ప. కొక్కెం మొన పైకెట్టి కప్ప ఈపుకి అంటించండి, నాసు తగలదు. కొట్టగానే లాగేయకూడదండోయ్. ఒకటి, రెండు అనుకుని అప్పుడు లాగాలి."

"అద్భుతం! నల్లకప్పలు రాసేస్తున్నాను" అని కిరీటి గారు కలం తీశారు.

అక్కడితో అయిపోయుంటే ఈ కథే లేదు. వెనక సీట్లోంచి ఎవరో దగ్గారు. సూపరింటెండెంటు విశ్వపతి గారు. అంతకుముందు పంతొమ్మిదేళ్లు బడిపిల్లల మధ్యాహ్న భోజనం ఫైళ్లు చూసి, ఆ పులుసు వాసనతోనే ఈ శాఖకి బదిలీ అయి వచ్చారట.

"అయ్యా, సదరు వస్తువు ఏ పద్దు కింద కొనబడినది?"

"ఎరండీ" అన్నారు కిరీటి గారు.

"ఎర అను పద్దు మన శాఖయందు లేదు. దానికి సమీపస్థమైనది జలచరముల మేత. మేత అనగా ఆహారము. ప్రభుత్వము ఏ ప్రాణికైనను ఆహారము వడ్డించునపుడు పాటించవలసిన నియమములు ముద్రితమై యున్నవి" అని సంచిలోంచి ఆకుపచ్చ పుస్తకం తీశారు. బడి భోజనం పుస్తకమే అది. "ఇందు విద్యార్థి అని యున్నచోటనెల్ల చేప అని చదువుకొనవలెను."

కిరీటి గారు నవ్వబోయి, ఆయన నవ్వడం లేదని చూసి మానుకున్నారు.

మొదటి నియమం, వడ్డించే ముందు ముగ్గురు రుచి చూడాలి. ఒక అధికారి, ఒక ఉద్యోగి, తల్లిదండ్రుల తరఫున ఒక ప్రతినిధి.

"సేపల తల్లిదండ్రులు ఎక్కడ దొరుకుతారండీ?" అన్నాను.

"దొరకనిచో స్థానికుడు చాలును. వేలు వేయుము."

వేశాను. అలా నేను రిజర్వాయర్లో ఉన్న చేపలన్నిటికీ తండ్రి తరఫు మనిషినయ్యాను. ఎన్ని చేపలో కూడా రిజిస్టరులో రాశారు, పదకొండు వేల నాలుగు వందల అరవై. ఆ సంగతి ఇంట్లో చెబితే సింగారమ్మ, "అంతమందిని కన్నావు, ఒక్కటన్నా నన్ను అమ్మా అని పిలిసిందేంటయ్యా?" అంది.

రుచి చూడటం గెస్ట్‌హౌసు వరండాలో పెట్టారు. స్టీలు పళ్లేలు, మంచినీళ్లు, చేతులు తుడుచుకోవడానికి గుడ్డ. పదిహేడు రకాలు వరసగా వడ్డించారు. కిరీటి గారు నాలిక్కి తగిలించి దణ్ణం పెట్టేశారు. నేను బుగ్గలో దాచుకున్నాను. విశ్వపతి గారు మాత్రం కళ్లు మూసుకుని, ప్రతిదీ కుడివైపు కాసేపు, ఎడమవైపు కాసేపు నమిలి చెబుతుంటే గుమాస్తా రాసుకున్నాడు.

"నల్లకప్ప. ఉప్పు చాలలేదు. తిరస్కరించడమైనది. పచ్చ చేప. తోక మెత్తన, తల గట్టి. ఉడుకు సమముగా లేదు. ఎర్ర వానపాము. వెల్లుల్లి ఘాటు సముచితము. నాలుకకు హితము. నములుటకు మాత్రము కొంత కాలయాపన. ఇంకొకటి వేయుము."

"అయ్యగారూ, ఎరుపు మన బురదలో కనపడదండి. తినేది మనం కాదు కదండీ" అన్నాను.

"రుచి సార్వజనీనము, తాతబ్బాయీ."

ఇంకొకటి వేయుమన్నారు కదా, ఆ ఇంకొకటి దగ్గరే వచ్చింది తంటా. వరండా అవతలి కొసన కిరీటి గారు కర్ర పట్టుకుని, దాని చివర ఎంత సున్నితంగా పనిచేస్తుందో మావాళ్లకి చెబుతున్నారు. దారం బారుగా నేల మీద పడుంది. దాని కొసన కట్టిన ఎర్ర వానపాము, కొక్కెంతో సహా, ఎవరో పొరపాటున పళ్లెంలో పెట్టేశారు. విశ్వపతి గారు కళ్లు మూసుకునే నోట్లో వేసుకున్నారు.

"అదుగో, చివర వణికింది! చూశావా తాతబ్బాయ్, ఎంత చిన్న కదలికైనా చేతికి తెలిసిపోతుంది!" అని కిరీటి గారు సంబరపడి, నేను చెప్పిన ప్రకారమే ఒకటి, రెండు అని లెక్కపెట్టి లాగారు.

విశ్వపతి గారు బాగానే పోరాడారు. అది ఒప్పుకోవాలి. మొదట వరండా మెట్ల కిందికి, తర్వాత జీపు చుట్టూ రెండుసార్లు, ఆఖరికి జీపు కిందికి దూరబోయారు. కర్ర గుండ్రంగా వంగింది గానీ విరగలేదు. దారం బిగిసి తీగలా పాడింది గానీ తెగలేదు. డెబ్బై కిలోల మనిషిని తమలపాకంత బరువు కర్ర ఒడ్డుకి చేర్చింది. మావాళ్లు చప్పట్లు కొట్టారు. కొట్టకూడదని తర్వాత తెలిసింది.

కాంపౌండరు కొక్కెం తీసి పెదవికి కట్టు కట్టాక, ఆయన మొదట అడిగింది కలం.

"ఆహాలములో ఇనుప పదాల్థము" అన్నారు, కట్టులోంచి. "మిక్కిలి తీవ్లమైన విషయము."

ఆకుపచ్చ పుస్తకంలో దానికీ నియమం ఉంది. అన్నంలో మేకు వస్తే ఏం చెయ్యాలో అదే. మర్నాటికల్లా ఉత్తర్వు వచ్చేసింది. చేపలకు వడ్డించే ఎరలో ఇకపై కొక్కెం ఉండరాదు.

కొక్కెం లేకుండా చేపని పట్టడం ఎలాగని అడిగితే విశ్వపతి గారు జాలిగా చూశారు. "పట్టుట మీ పని. వడ్డించుట మా పని. రెంటినీ కలుపరాదు."

కొక్కెం పోయాక కర్రని గరిటె కింద రాసుకున్నారు. గరిటె కాబట్టి రోజూ బూడిదతో తోమాలి. పట్టుకునేవాడు తలకి తెల్లటోపీ, ముందు ఏప్రాన్ కట్టుకోవాలి. గెస్ట్‌హౌసు గోడ మీద పట్టిక రాయించారు. సోమవారం వానపాము, మంగళవారం చిట్టి చేప, బుధవారం మళ్లీ వానపాము, శనివారం ప్రత్యేక వంటకం మిడత. ఆదివారం సెలవు. పన్నెండున్నరకి గంట కొడితే నలభై పడవలు నీళ్లలోకి వెళ్లేవి. నలభై మంది తెల్లటోపీల వంటవాళ్లు నీళ్లలోకి రబ్బరు పురుగులు విసిరి, తీసి, విసిరి, తీసి, ఒకటింపావుకి చేతులు కడుక్కుని వచ్చేసేవాళ్లం. చేపలకి గంట అలవాటైపోయింది. కొట్టడం ఆలస్యమైతే ఎగిరెగిరి పడేవి. ఎరుపు వాటికి కనబడేది కాదు, కనబడినా కొరికి ఉమ్మేసేవి. విశ్వపతి గారు హాజరు నూటికి నూరు వేసుకునేవారు.

నాలుగు వారాలు గడిచాయి. ఒడ్డున చేప ముల్లు కూడా లేదు. సంతలో సింగారమ్మ తట్ట బోర్లించి దాని మీదే కూర్చుంటోంది. నలభై ఇళ్లలోనూ చింతకాయ పచ్చడే.

"సేపలకి వారానికి అయిదు రకాలు, మనకి ఒకటే రకం" అంది సింగారమ్మ ఒక మధ్యాహ్నం, నా కంచంలో పచ్చడి వేస్తూ. "ఇంకో పద్నాలుగు రోజులే ఉంది. సంత మానేసి నన్ను ఆ హంస పడవల్ని గుడ్డేసి తుడవమంటావా?"

కంచం పక్కకి జరిపాను. లేచి వెళ్లి, తిరస్కరించిన సరుకు పారేసిన గోతాంలో చెయ్యి పెట్టి నల్లకప్పని తీశాను. కొక్కెం పీకేసిందే. టోపీ, ఏప్రాన్ పెట్టుకునే నాచు మీదికి విసిరాను. ఇక్కడ మీరు నమ్మకపోయినా పర్లేదు. పిచిక ఎగిరినంత చప్పుడు చేసి కొరమీను కప్పని పట్టేసింది. నేను లాగలేదు. కొరమీనుకి పొగరు. మీరు లాగితే అనుమానపడి వదిలేస్తుంది. లాగకపోతే అది తన సొత్తేననుకుంటుంది, ఇక ఎవరు చెప్పినా వదలదు. ఆ తేలిక కర్ర చివర అలా వంగి, దాని మూతి దగ్గర ఏం జరుగుతోందో నా బొటనవేలికి చెబుతూనే ఉంది. గాలి పీల్చినంత మెల్లగా ఎత్తాను. కప్పని కరిచిపట్టుకుని, కళ్లు పెద్దవి చేసుకుని, చేప మొత్తం పైకొచ్చింది. కింద బుట్ట పెట్టాను. బుట్టలో పడ్డాక కూడా వదల్లేదు.

ముప్పై తొమ్మిది మందికి నేర్పాను. అందరూ రాలేదు గానీ ఓపికున్నవాళ్లకి వచ్చింది. తనిఖీ రోజు పొద్దున్నకి తొట్టెల నిండా అరవై రెండు కొరమీన్లు. కాటా వేస్తే క్వింటా మీద అయిదు కిలోలు.

డైరెక్టరు హైమవతీదేవి గారు కళ్లజోడు పైకి నెట్టుకుని తొట్టెలు చూశారు. ముఖం వెలిగిపోయింది.

"శాఖ దార్శనికతకు ఇది నిదర్శనం. సంప్రదాయ మత్స్యకారుడు ఆధునిక క్రీడా పరికరాన్ని ఆకళింపు చేసుకున్నాడు. అనుమతి పత్రం తెండి, సంతకం చేస్తాను."

నలభై ఇళ్ల ఊపిరి ఒక్కసారి బయటికొచ్చింది. అప్పుడు మళ్లీ ఆ దగ్గు.

"మేడమ్, మనవి. తొట్టెలయందున్నవారు లబ్ధిదారులు."

"ఎవరు?"

"చేపలు. రిజిస్టరున పదకొండు వేల నాలుగు వందల అరువది మంది. నెల దాటి భుజించుచున్నారు. వీరిలో అరువది ఇద్దరిని పట్టి అమ్మినచో…"

డైరెక్టరమ్మ గారు కలం మూత పెట్టేశారు. "నిజమే. మధ్యాహ్నం భోజనం పెట్టి సాయంత్రానికి లబ్ధిదారుని పులుసు పెట్టడం శాఖ ఆశయాలకు పూర్తిగా విరుద్ధం. వీరిని తక్షణం నీళ్లలో వదలండి."

"వదిలేత్తే మా పర్మిషనండీ?" అన్నాను.

"ఒడ్డున క్వింటా చేప ఉంటేనే అనుమతి."

"ఉంది కదండీ!"

"అది చేప కాదయ్యా, లబ్ధిదారు."

కిరీటి గారు టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. మావాళ్లు తొట్టెల దగ్గరికి నడిచారు, ఒంపెయ్యడానికి. ఒకడు అప్పుడే ఏడుస్తున్నాడు. సింగారమ్మ మాత్రం కొంగు బిగించి డైరెక్టరమ్మ గారికి ఎదురుగా నిలబడింది.

"అమ్మగారూ, కోప్పడకండి. మా ఆడపడుసు కూతురు ఈ బళ్లోనే అన్నం తింది. పోయినేడు ఊరు మారిపోయారు. అన్నం ఎట్టేం కదా అని మేస్టారు ఆ పిల్లని గుంజకి కట్టేశారేంటండీ? కాయితమిచ్చి పంపేశారు."

విశ్వపతి గారి ముఖం మెల్లగా మారింది. పంతొమ్మిదేళ్లలో ఆయన్ని అంత ఆనందంగా ఎవరూ చూసుండరు.

"బదిలీ ధ్రువపత్రము!" అన్నారు. "టీసీ! మేడమ్, నియమము ఉన్నది!"

అక్కడే చాప వేసుకుని కూర్చుని అరవై రెండు టీసీలు రాశారు. పేరు, కొరమీను. తండ్రి పేరు, ఓలేటి తాతబ్బాయి, ప్రతినిధి. పుట్టుమచ్చల కోసం ఒక్కొక్క చేపని తిప్పి చూపించాను. బడి విడుచుటకు కారణము అన్నచోట నేను పులుసు అన్నాను. ఆయన ఒప్పుకోక, పై ఊరికి పయనము అని రాశారు. డైరెక్టరమ్మ గారు పర్మిషన్ మీద సంతకం పెట్టి, నా భుజం తట్టి, సింగారమ్మ వైపు చూడకుండా జీపెక్కారు.

గెలిచామనుకున్నాం. మర్నాడు సింగారమ్మ సంతకి వెళ్లి, పట్టుకెళ్లిన చేపలు పట్టుకెళ్లినట్టే వెనక్కి తెచ్చింది.

"ఏమైందే?"

"నీ కాయితాలయ్యాయి! టీసీ లేకుండా అమ్మితే కేసంటగా, ప్రతి దాని మొప్పకీ కట్టేను. మొదటి బేరమే సువర్చల టీచరుగారు. కాయితం విప్పి చదివారు. 'ప్రవర్తన, ఉత్తమం అని ఉందే సింగారమ్మా! ముప్పయ్యేళ్లు ఈ మాట రాసిన చేత్తో దీన్ని ఎలా కొయ్యనే?' అని కళ్లు తుడుచుకుని బెండకాయలు కొనుక్కెళ్లిపోయారు. ఆవిడ్ని సూసి ఇంకోరు, ఇంకోర్ని సూసి సంతంతా. 'బుద్ధిమంతుల్ని తినలేం, రౌడీ సేపలుంటే సెప్పు' అంటన్నారు."

పర్మిషన్ ఉంది, కర్రలున్నాయి, చేపలున్నాయి, కొనేవాడు లేడు. వెంటనే ఆఫీసుకి పరిగెత్తాను.

"అయ్యా, ఆ ఉత్తమం ఒక్కటీ కొట్టేసి సెడ్డదని రాయండి, మీ కాళ్లట్టుకుంటాను."

"ఆధారము లేక ఎవరి ప్రవర్తననూ చెడ్డదని వ్రాయజాలము" అన్నారు విశ్వపతి గారు. పెదవి మానిపోయింది. "మూడు సంజాయిషీ నోటీసులు ఇయ్యవలెను. మూడింటికిని సమాధానము రానిచో, ప్రవర్తన అసంతృప్తికరమని వ్రాసి పేరు కొట్టివేయుదుము. పేరు కొట్టివేసినచో లబ్ధిదారు కాదు. లబ్ధిదారు కానిచో వానికి పెట్టునది ఆహారము కాదు. ఆహారము కానిచో…"

ఆయన ఆగిపోయారు. చెయ్యి దానంతటదే పెదవి మీదికి పోయింది.

"కొక్కెం ఎట్టుకోవచ్చాండీ?" అన్నాను నెమ్మదిగా.

"నియమము నిషేధింపదు" అన్నారు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

అప్పట్నుంచీ మా రిజర్వాయర్లో పని ఇలా జరుగుతోంది. పొద్దున్నే పడవ వేసుకుని వెళ్లి నోటీసు నీళ్ల మీద పట్టుకుంటాను. నాకు చదవడం రాదు, వాటికీ రాదు, అక్కడ సమానం. వడ్డించిన పదార్థమును నమలకుండ ఉమ్మివేసినందులకు మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపుడు అని అందులో ఉంటుందట. మూడు రోజులు మూడు నోటీసులు. నాలుగో రోజు పేర్లు కొట్టేస్తారు. అయిదో రోజు నల్లకప్పకి కొక్కెం పెట్టి, ఆ తేలిక కర్రతో కావలసినన్ని పట్టుకుంటాం. సంతలో ఇప్పుడు గిరాకీ విపరీతం. 'ప్రవర్తన అసంతృప్తికరం' అని ఉంటే జనం కసిగా కోస్తున్నారు, ఇంకా రుచిగా ఉందంటున్నారు.

ఇన్ని నెలల్లో ఒక్క చేప కూడా జవాబు రాయలేదు. నిన్న మాత్రం మూడో నోటీసు పట్టుకున్న చోట ఒక ముసలి కొరమీను నీళ్లలోంచి తల పైకెత్తి, నా కళ్లలోకి సూటిగా చూసి, నోరు తెరిచింది. అది ఒక్క ముక్క పలికితే విచారణ కమిటీ వెయ్యాలి. కమిటీ తేల్చేలోపు నలభై ఇళ్లలో పొయ్యి వెలగదు.

మాట బయటికి రాకముందే దాని నోట్లో కప్పని పెట్టేశాను.